ట్యాబ్లెట్‌కి కీబోర్డు కేసు ఏది కొనాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనువాదాలు చేస్తుంటాను. కొన్నేళ్లుగా నా పని చాలావరకు 11 అంగుళాల ట్యాబ్లెట్ మీదే సాగుతోంది. రోజుకి నాలుగైదు గంటలు తెలుగులో టైపు చేస్తాను. అందుకే బంధువుల్లో, తోటి అనువాదకుల్లో ఎవరు ట్యాబ్లెట్ కొన్నా కీబోర్డు గురించి నన్నే అడుగుతారు. తరచూ వినిపించే ప్రశ్నలకు నాకు తెలిసిన జవాబులు ఇక్కడ రాస్తున్నాను.

అసలు నాకు కీబోర్డు కేసు అవసరమా?

రోజుకి అరగంటకి మించి టైపు చేస్తారా? అయితే అవసరమే. సినిమాలు చూడటం, పేపరు చదవడం, వాట్సాప్‌లో నాలుగు ముక్కలు రాయడం వరకే అయితే మామూలు కవరు చాలు. కీబోర్డు కేసు తగిలించాక ట్యాబ్లెట్‌ని చేత్తో పట్టుకుని పడుకుని చదివే సుఖం పోతుంది. కొన్నిటితో బరువు రెట్టింపు అవుతుంది. ఈ సంగతి కొన్నాకే తెలిసి, కీబోర్డుని బీరువాలో పడేసినవాళ్లు నాకు తెలుసు.

పిన్నులతో తగులుకునేది మంచిదా, బ్లూటూత్‌ది మంచిదా?

మీ ట్యాబ్లెట్‌కి పిన్నులుంటే పిన్నులదే తీసుకోండి. చాలా ఐప్యాడ్‌ల వెనకో అంచునో మూడు చిన్న చుక్కలు కనిపిస్తాయి. వాటిని ఆపిల్ స్మార్ట్ కనెక్టర్ అంటుంది, 2015లో ఐప్యాడ్ ప్రోతో వచ్చింది. శామ్‌సంగ్, వన్‌ప్లస్, షావోమీ ట్యాబ్లెట్లలో కొన్నిటికి ఇలాంటివే ఉంటాయి, వాటిని పోగో పిన్నులంటారు. కీబోర్డుకి కావలసిన కరెంటు ట్యాబ్లెట్ నుంచే వస్తుంది. విడిగా ఛార్జింగ్ పెట్టే పని లేదు, జత చేసే పని లేదు. తగిలించగానే అక్షరాలు పడతాయి.

బ్లూటూత్ కీబోర్డులో నన్ను విసిగించేది దాని నిద్ర. బ్యాటరీ మిగల్చడానికి కొన్ని నిమిషాలు వాడకపోతే పడుకుంటుంది. ఆలోచించుకుని మళ్లీ టైపు మొదలుపెడితే మొదటి అక్షరాలు గాల్లో కలిసిపోతాయి. ‘నమస్తే’ అని కొడితే తెర మీద ‘స్తే’ మిగులుతుంది. అప్పుడప్పుడు మెయిల్ రాసేవాళ్లకి ఇది పెద్ద విషయం కాదు. రాసుకుంటూ ఆగుతూ, మళ్లీ రాసేవాళ్లకి మాత్రం రోజూ తలనొప్పే.

బ్లూటూత్‌కి దాని లాభాలూ ఉన్నాయి. ధర తక్కువ. చాలా మోడళ్లు రెండు మూడు పరికరాలతో జత కడతాయి కాబట్టి అదే కీబోర్డుని ఫోనుకీ వాడుకోవచ్చు. ఐప్యాడ్ మినీకి, తక్కువ ధర ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్లలో చాలావాటికి పిన్నులే ఉండవు. వాటికి బ్లూటూత్ తప్ప దారి లేదు.

తెలుగు టైపు చెయ్యడానికి ఏ కేసు బాగుంటుంది?

నన్నడిగితే మనవాళ్లు కేసు కొనే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. షాపులో ఎవరూ చెప్పరు, రివ్యూల్లోనూ ఉండదు. రివ్యూలు రాసేవాళ్లు ఇంగ్లిష్‌లో టైపు చేసి చూస్తారు. ఇంగ్లిష్‌కి అక్షరాలు 26. అవన్నీ కీబోర్డు మధ్యలోనే ఉంటాయి. అంచుల్లోని కీలు ఎంత చిన్నగా ఉన్నా వాళ్లకి పట్టదు.

మన సంగతి వేరు. ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ చూడండి. 1986లో భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ భారతీయ భాషలన్నిటికీ కలిపి రూపొందించిన అమరిక అది. ఎడమ చేతికి అచ్చులూ గుణింతాలూ, కుడి చేతికి హల్లులూ వస్తాయి. మన అక్షరాలు 26 కీల్లో ఇమడవు కాబట్టి అంచుల్లోకి పాకుతాయి. సెమీకోలన్ కీ మీద చ ఉంటుంది. దాని పక్కనున్న కొటేషన్ గుర్తు కీ మీద ట. చదరపు బ్రాకెట్ కీ మీద డ. కుడివైపు కింద, షిఫ్ట్ పక్కనుండే స్లాష్ కీ మీద య. ఈక్వల్ గుర్తు మీద ఋత్వం. ఇక ఎడమవైపు పైమూలన, ఒకటి అంకెకి ముందుండే కీ మీద ఒ, ఒత్వం.

10, 11 అంగుళాల కేసుల్లో చోటు చాలక తయారీదారులు ముందుగా కుదించేది సరిగ్గా ఈ కీలనే. కొన్నిట్లో కొటేషన్ కీ సగం వెడల్పే ఉంటుంది. కొన్నిట్లో బ్రాకెట్లు ఎఫ్ఎన్ కీ నొక్కి పట్టుకుంటే గానీ అందవు. పైమూల కీ స్థానంలో ఎస్కేప్‌నో హోమ్ బటన్‌నో పెట్టేవాళ్లూ ఉన్నారు. అప్పుడు ‘ఒక’ అని రాయాలన్నా, ‘మొక్క’ అని రాయాలన్నా రెండు చేతులూ వెతుక్కోవాలి.

నా మొదటి కేసు అలాంటిదే. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి కొన్నాను. ట ఉండే కీ నా చిటికెన వేలిలో సగం లేదు, దాన్ని ఆనుకునే ఎంటర్. ‘పెట్టాడు’ అని రాయబోతే ట బదులు ఎంటర్ పడి పేరా తెగిపోయేది. మూడు వారాల్లో పని వేగం పడిపోయింది, మణికట్టు నొప్పి పుట్టింది. అలవాటైపోతుందిలే అని ఓపిక పట్టాను, అవలేదు. అప్పటినుంచి ఏ కీబోర్డు కనిపించినా నేను ఒక్క వాక్యం కొట్టి చూస్తాను:

ఒక చెట్టు కింద కృష్ణయ్య కొడుకు బండి ఆపాడు.

ఇందులో ఒ, చ, ట, ఋత్వం, య, ఒత్వం, డ అన్నీ ఉన్నాయి. అంటే అంచు కీలన్నీ వచ్చేసినట్టే. ఈ వాక్యం తడబడకుండా పడితే ఆ కీబోర్డు తెలుగుకి పనికొస్తుంది. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు కీబోర్డుని పైనుంచి తీసిన ఫొటో పెద్దది చేసి, పైన చెప్పిన ఆరు కీలు పూర్తి వెడల్పుతో ఉన్నాయా లేదా చూడండి. ఒకటి తగ్గినా ఆలోచించండి, రెండు తగ్గితే వదిలేయండి.

నేను ఇన్‌స్క్రిప్ట్ వాడను. ఇంగ్లిష్ అక్షరాలతోనే తెలుగు కొడతాను. నాకూ ఇబ్బందేనా?

మీకు అంచు కీల గొడవ తక్కువ, షిఫ్ట్ గొడవ ఎక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్ని తెలుగులోకి మార్చే లేఖిని లాంటి వెబ్‌పేజీలు అనుసరించే ఆర్‌టీఎస్ పద్ధతిలో చిన్న ‘టి’ కొడితే త, షిఫ్ట్‌తో పెద్ద ‘టి’ కొడితే ట. డ, ణ, ళ కూడా అంతే. కాబట్టి రెండువైపులా షిఫ్ట్ కీలు పెద్దవిగా, చిటికెన వేలికి చూడకుండా అందేలా ఉండాలి. కుడి షిఫ్ట్‌ని కుదించి పక్కన పై బాణం గుర్తు ఇరికించిన మోడళ్లు మీకు పనికిరావు.

ఇంకో జాగ్రత్త. తెర మీది కీబోర్డులో ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగులోకి మార్చి ఇచ్చే సౌకర్యం, బయటి కీబోర్డు తగిలించాక ప్రతి ట్యాబ్లెట్‌లోనూ అలాగే పనిచేస్తుందని అనుకోవద్దు. కొనే ముందే మీ ట్యాబ్లెట్‌కి ఏదో ఒక కీబోర్డు, ఇంట్లో కంప్యూటర్‌కి వాడే బ్లూటూత్‌దైనా సరే, జత చేసి పరీక్షించండి. పనిచేయకపోతే బ్రౌజర్‌లో లేఖిని తెరిచి రాసుకోవచ్చు. మార్చే పని ఆ పేజీలోనే జరుగుతుంది కాబట్టి ఏ కీబోర్డైనా ఫరవాలేదు.

డీటీపీలో అను ఫాంట్లతో అలవాటు. ట్యాబ్లెట్‌లో అదే కుదురుతుందా?

కుదరదు. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ ప్రోగ్రాము, ఐప్యాడ్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ నడవదు. ట్యాబ్లెట్‌లో రాసేది యూనికోడ్. వేళ్లకి అలవాటైన లేఅవుట్ మార్చుకోవాల్సిందే, దానికి కొన్ని వారాలు పడుతుంది.

ఒళ్లో పెట్టుకుని టైపు చెయ్యొచ్చా?

కేసు రకాన్ని బట్టి ఉంటుంది. షాపులో బల్ల మీద అన్నీ బాగానే నిలబడతాయి, అసలు పరీక్ష ఒడిలోనే.

వెనక కాలులాంటి స్టాండు ఉండే రకం ఒకటి, లాజిటెక్ కాంబో టచ్ లాంటిది. బల్ల మీద దీనికి సాటి లేదు, కోణం ఎలా కావాలంటే అలా మార్చుకోవచ్చు. కానీ వెనక కాలు బాగా చాపుకుంటుంది. కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంటే ఆ కాలు మోకాలి చివరిదాకా వెళ్లి, కొంచెం కదిలితే జారుతుంది. నేల మీదో మంచం మీదో బాసింపట్టు వేసుకుని కూర్చుంటే మరీ కష్టం, కాలు రెండు తొడల మధ్య ఖాళీలోకి దిగిపోతుంది. దీనికి నేను కనిపెట్టిన మందు, పిల్లలు పరీక్షలకి తీసుకెళ్లే అట్ట. దాన్ని ఒళ్లో వేసుకుని దాని మీద కీబోర్డూ స్టాండూ రెండూ పెడితే బల్లలా పనిచేస్తుంది. రైల్లో సైడ్ లోయర్ బెర్త్ మీద కూర్చుని సికింద్రాబాద్ నుంచి విశాఖ దాకా ఇలాగే రాసుకుంటూ వెళ్లిన రాత్రులున్నాయి.

ఆపిల్ మ్యాజిక్ కీబోర్డు రకంలో ట్యాబ్లెట్ అయస్కాంతాలతో అతుక్కుని కీల మీదుగా గాల్లో తేలినట్టు ఉంటుంది. వెనక కాలు లేదు కాబట్టి ల్యాప్‌టాప్‌లాగే ఒళ్లో కూర్చుంటుంది. కానీ తెర వెనక్కి వంగే కోణం తక్కువ. పొడుగ్గా ఉన్నవాళ్లు ఒళ్లో పెట్టుకుంటే మెడ వంచాల్సి వస్తుంది.

గాడిలో ట్యాబ్లెట్ నిలబెట్టే ఫోలియో రకం చవక, తేలిక. ఒకటో రెండో కోణాలే ఉంటాయి. బస్సులో గుంతల రోడ్డు మీద గాడి తప్పి పడిపోతుంది, ప్రయాణాల్లో పని చేసేవాళ్లు దీని జోలికి పోవద్దు.

షాపుకి వెళ్తే మొహమాటపడకండి. ‘ఒక్కసారి కూర్చుని ఒళ్లో పెట్టి చూస్తానండీ’ అని అడగండి. స్టూలు వేస్తారు.

11 అంగుళాలది చాలా, 13 అంగుళాల ట్యాబ్లెట్ కొనాలా?

కంప్యూటర్ కీబోర్డులో ఒక కీ మధ్య నుంచి పక్క కీ మధ్యకి సుమారు 19 మిల్లీమీటర్లుంటుంది. 13 అంగుళాల తరగతి కేసుల్లో దాదాపు అదే దూరం వస్తుంది, చిన్నవాటిలో తగ్గుతుంది. ఒక మిల్లీమీటరు తగ్గితే ఏమవుతుందిలే అనిపిస్తుంది గానీ, పది కీలకి పది మిల్లీమీటర్లు, అంటే సెంటీమీటరు. పెద్ద చేతులున్నవాళ్లకి వేళ్లు ఒకదాన్నొకటి రాసుకుంటాయి. నా చేతులు చిన్నవి, 11తో హాయిగా ఉంది.

ట్రాక్‌ప్యాడ్ ఉండాలా?

అనువాదం, ఎడిటింగ్, ఎక్సెల్ పనులకి ఉండాలి. ఒక పదాన్ని ఎంచుకోవడానికి ప్రతిసారీ చెయ్యెత్తి తెరని తాకితే గంటకల్లా భుజం లాగుతుంది. ఐప్యాడ్‌లో 2020 మార్చిలో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13.4తో ట్రాక్‌ప్యాడ్‌కి సరైన ఆసరా దొరికింది. ఆండ్రాయిడ్ కేసుల్లో ఉందనుకుని కొనకుండా పేరు చూసుకోండి. షావోమీ ప్యాడ్ 6 కీబోర్డులో ట్రాక్‌ప్యాడ్ లేదు, వన్‌ప్లస్ ప్యాడ్ మాగ్నెటిక్ కీబోర్డులో ఉంది. శామ్‌సంగ్ బుక్ కవర్ కీబోర్డుల్లో స్లిమ్ అని ఉన్నదానికి ఉండదు. కథలో కవితలో రాసుకునేవాళ్లకి లేకపోయినా నడుస్తుంది.

బరువు ఎంత పెరుగుతుంది?

2020లో 11 అంగుళాల ఐప్యాడ్ ప్రోకి వచ్చిన మ్యాజిక్ కీబోర్డు సుమారు 600 గ్రాములు, ట్యాబ్లెట్ కన్నా ఎక్కువ. రెండూ కలిపితే కిలో దాటుతుంది. తేలిక కోసమే ట్యాబ్లెట్ కొన్నవాళ్లు ఈ లెక్క ముందే చూసుకోవాలి. కీబోర్డు భాగం విడిపోయే రకమైతే చదివేటప్పుడు తీసి పక్కన పెట్టుకోవచ్చు. నేను అలాంటిదే వాడుతున్నాను.

కంపెనీదే కొనాలా, వేరేవాళ్లది చవకగా కొనొచ్చా?

కంపెనీవి బాగుంటాయి, ధర గుండె ఝల్లుమనిపిస్తుంది. 2022లో పదో తరం ఐప్యాడ్ మన దేశంలో రూ. 44,900కి మొదలైతే, దాని మ్యాజిక్ కీబోర్డు ఫోలియో రూ. 24,900. ట్యాబ్లెట్ ధరలో సగానికి పైనే. పైగా అందులో బ్యాక్‌లైట్ లేదు. ఆ డబ్బు పెట్టమని నేనెవరికీ చెప్పలేదు.

నా సలహా ఇది. టైపింగే మీ జీతమైతే, పిన్నులతో తగులుకునే మంచి కేసు మీద ఖర్చు పెట్టండి. లాజిటెక్ కూడా స్మార్ట్ కనెక్టర్ కేసులు చేస్తుంది, ఆపిల్ వాటికన్నా తక్కువలో వస్తాయి. వారానికి రెండు మెయిళ్లయితే రెండు మూడు వేల బ్లూటూత్ కేసు చాలు. మధ్య ధరలోవి, అంటే పేరూ ఊరూ లేకుండా అయిదారు వేలకి అమ్మేవి, రెంటికీ చెడినవే నేను ఎక్కువ చూశాను.

నా ట్యాబ్లెట్‌కి సరిపోతుందో లేదో ఎలా తెలుస్తుంది?

తెర సైజుని నమ్మొద్దు, మోడల్ నంబరు చూడండి. సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ దగ్గర దొరుకుతుంది. 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రోకి పాత ప్రోల మ్యాజిక్ కీబోర్డు సరిపోదు, దానిది పాతవాటికి సరిపోదు. తొమ్మిదో తరం ఐప్యాడ్ కేసు పదో తరానికి పట్టదు. సెకండ్‌హ్యాండ్‌లో కొనేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

కింద పడితే కాపాడుతుందా?

అన్నీ కాపాడవు. మ్యాజిక్ కీబోర్డు లాంటివి ముందూ వెనకా కప్పుతాయి, అంచుల్ని వదిలేస్తాయి. పిల్లలున్న ఇంట్లో ట్యాబ్లెట్ చుట్టూ రబ్బరు చట్రం ఉండే రకం తీసుకోండి.

అయస్కాంతాల వల్ల ప్రమాదముందా?

గుండెకి పేస్‌మేకర్ గానీ డీఫిబ్రిలేటర్ గానీ అమర్చుకున్నవాళ్లు ఇంట్లో ఉంటే ఈ జవాబు జాగ్రత్తగా చదవండి. ఈ కేసుల్లో బలమైన అయస్కాంతాలుంటాయి. ఇలాంటి పరికరాల్ని అమర్చిన చోటికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచమని ఆపిల్ చెబుతుంది. బల్ల మీద పెట్టి టైపు చేస్తే ఆ దూరం ఉంటుంది. పడుకుని ఛాతీ మీద పెట్టుకుని చదవడమే ప్రమాదం. పెద్దవాళ్లకి కానుకగా ఇచ్చే ముందు వాళ్ల డాక్టరుగారిని ఒక మాట అడగండి.

నల్ల గీత ఉండే కార్డుల్నీ, హోటల్ గది తాళం కార్డుల్నీ కేసులో దోపకండి. గీత చెరిగిపోవచ్చు.

పైపూత ఊడిపోతోంది, ఎందుకని?

తోలులా కనిపించే పూత నిజానికి పాలీయురెథేన్. తేమా వేడీ కలిస్తే అది లోపల్నుంచే విచ్ఛిన్నమవుతుంది, వాడకపోయినా సరే. కాకినాడలో మా ఇంట్లో అరచేయి ఆనే చోట మొదట జిగురుగా అయింది, తర్వాత పొలుసుల్లా లేచింది. తీర ప్రాంతాల్లో ఉండేవాళ్లు గుడ్డ పూతో, గట్టి ప్లాస్టిక్కో, లోహమో చూసుకోవడం మేలు. చెమట పట్టే చేతులైతే మరీ. రోజూ పని అయ్యాక పొడి మెత్తని గుడ్డతో తుడవండి, పిన్నుల దగ్గర కూడా. తగిలించినా అక్షరాలు పడకపోతే ముందు పిన్నులు తుడిచి చూడండి, చాలాసార్లు అంతే.

బ్యాక్‌లైట్ కావాలా? తెలుగు స్టిక్కర్లు అంటించొచ్చా?

రాత్రిళ్లు అందరూ పడుకున్నాక పని చేసేవాళ్లకి బ్యాక్‌లైట్ వరం. స్టిక్కర్లు అంటించొచ్చు గానీ అడుగు నల్లగా ఉండేవి వెలుతుర్ని మూసేస్తాయి, పారదర్శకంగా ఉండేవి అడగండి. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకునేవాళ్లకి నెల రోజులు స్టిక్కర్లు బాగా సాయపడతాయి.

భాష మార్చడం ఎలా? ఎస్కేప్ కీ లేదే?

ఐప్యాడ్‌లో గ్లోబు గుర్తున్న కీ గానీ, కంట్రోల్‌తో స్పేస్ గానీ నొక్కితే తెలుగు, ఇంగ్లిష్ మారతాయి. ఎస్కేప్ కోసం కమాండ్‌తో చుక్క నొక్కండి. లేదా సెట్టింగ్స్‌లో హార్డ్‌వేర్ కీబోర్డు కింద మాడిఫయర్ కీస్‌లోకి వెళ్లి క్యాప్స్ లాక్‌ని ఎస్కేప్‌గా మార్చుకోండి. తెలుగులో క్యాప్స్ లాక్‌తో మనకేం పని!

బ్లూటూత్ కేసు కొన్నాళ్లకి ఛార్జ్ ఎక్కడం మానేసింది. ఎందుకు?

చాలాకాలం వాడకుండా ఉంచేసి ఉంటారు. లిథియం బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి నెలల తరబడి ఉంటే పాడవుతుంది. వాడకపోయినా రెండు నెలలకోసారి సగం దాకా ఛార్జ్ చెయ్యండి. నా పాత కేసు ఒకటి బీరువాలో ఉండగానే ఉబ్బింది, స్పేస్ బార్ దగ్గర కీలు గుట్టలా లేచాయి. అలా కనిపిస్తే నొక్కొద్దు, ఛార్జింగ్ పెట్టొద్దు, మామూలు చెత్తలో వెయ్యొద్దు. ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి. లాజిటెక్ స్లిమ్ ఫోలియోల్లో కొన్ని నాణెం బ్యాటరీలతో నడుస్తాయి, వాటికి ఈ టెన్షన్ లేదు. కానీ చిన్నపిల్లలు ఆ బ్యాటరీ మింగితే ప్రాణం మీదికొస్తుంది, మార్చిన పాతది వెంటనే వాళ్లకి అందకుండా పెట్టెయ్యండి.

కేసు బదులు విడి కీబోర్డూ స్టాండూ కొనుక్కుంటే?

ఎక్కువగా ఒకే చోట, ఇంట్లో బల్ల దగ్గర రాసేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మామూలు సైజు బ్లూటూత్ కీబోర్డులో అంచు కీలన్నీ పూర్తి వెడల్పుతో ఉంటాయి, ఒ ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ట్యాబ్లెట్‌ని స్టాండు మీద కంటి ఎత్తుకి లేపుకోవచ్చు, మెడకి మంచిది. ట్యాబ్లెట్ మార్చినా కీబోర్డు మిగులుతుంది.

కొన్నాక మొదటి వారం ఏం చూసుకోవాలి?

వాపసు గడువు ఎప్పటిదాకా ఉందో పెట్టె తెరిచే ముందే చూడండి. ఆన్‌లైన్‌లో ఇది తరచూ ఏడు నుంచి పది రోజులే, కొన్నిటికి మార్చి ఇవ్వడమే తప్ప డబ్బు తిరిగి ఇవ్వరు. పెట్టెనీ లోపలి అట్టల్నీ పారేయకండి. రెండో రోజుకల్లా కనీసం రెండు పేజీలు ఒక్క బిగిన తెలుగులో రాయండి. ఆ తర్వాత కుడి చిటికెన వేలు నొప్పి పెడుతోందేమో చూసుకోండి. పెడుతుంటే, గడువు ఉండగానే వెనక్కి పంపేయండి.